మామిడి తోట బుట్టల్లో మగ పండు ఈగలే ఎందుకు పడతాయి, వాటివల్ల పంటకు మేలెంత?

మిథైల్ యూజినాల్ అనే వాసన ఎర పెట్టిన బుట్టల్లో వందలకొద్దీ పండు ఈగలు పడుతున్నా కాయల్లో పురుగు తగ్గడం లేదని, పడినవన్నీ మగవేనని తెలిశాక ఈ ఖర్చు దండగేమోనన్న అనుమానం కలిగిందని మీరు రాశారు. తులసి ఆకు నలిపినా ఇవే ఈగలు వస్తాయని పెద్దలు చెప్పిన మాట నిజమేనా, అయితే కొన్న మందుకు బదులు తులసి రసం వాడవచ్చా అని కూడా అడిగారు. మాది నూజివీడు ప్రాంతం. బంగినపల్లి, చిన్న రసాల తోట చాలా కాలంగా చేస్తున్న కుటుంబం. ఈ ఈగ మాకు ప్రతి వేసవిలోనూ ఎదురయ్యేదే కనుక, చదివి తెలుసుకున్నదీ తోటలో చూసినదీ కలిపి రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. పత్తిలో గులాబీ రంగు పురుగుకు పెట్టే లింగాకర్షక బుట్టలో ఉండేది ఆడ రెక్కల పురుగు విడుదల చేసే వాసనకు నకలు. ఆడపురుగు పిలుస్తోందనుకుని మగపురుగు వచ్చి పడుతుంది. మామిడి తోటలో మనం కట్టే బుట్టలోని మిథైల్ యూజినాల్ అటువంటిది కాదు. అది ఆడ ఈగ వాసన కాదు, పండు వాసన కూడా కాదు. మొక్కలు తమ ఆకుల్లోనూ పువ్వుల్లోనూ తయారు చేసుకునే ఒక సుగంధ ద్రవ్యం. 450కి పైగా మొక్క జాతుల్లో దీనిని గుర్తించారు. శిలీంధ్రాల నుండి, మేసే పురుగుల నుండి రక్షణగా మొక్కలు తయారు చేసుకునే పదార్థాల కుటుంబానికి ఇది చెందుతుంది. ఆ రక్షణ పదార్థాన్నే మగ పండు ఈగ వెతుక్కుంటూ వచ్చి తాగుతుంది.

ఈ సంగతి మొదట బయటపడింది మన దేశంలోనే. బీహారులోని పూసాలో ఉన్న వ్యవసాయ పరిశోధనా సంస్థలో కీటక శాస్త్రవేత్తగా పనిచేసిన ఎఫ్. ఎం. హౌలెట్, దోమలు రాకుండా వాడే సిట్రొనెల్లా నూనెకు పండు ఈగలు మూగుతున్నాయని, వచ్చినవన్నీ మగవేనని 1912లో ప్రకటించారు. ఆ నూనెలోని అనేక పదార్థాలలో ఈగలను రప్పిస్తున్నది మిథైల్ యూజినాల్ అని 1915 నాటికి తేల్చారు. ఈరోజు మనం ప్లైవుడ్ ముక్కను నానబెట్టి చెట్టుకు కడుతున్న మందుకు మూలం ఆ పరిశీలనే.

తులసి గురించి పెద్దలు చెప్పినది నిజమే. కొన్ని తులసి మొక్కల ఆకు నూనెలో మిథైల్ యూజినాల్ బాగా ఉంటుంది, కొన్నింటిలో యూజినాల్ ఎక్కువగా ఉండి లవంగం వాసన కొడతాయి. అందువల్ల ఒక ఇంటి తులసికి వచ్చినన్ని ఈగలు మరొక ఇంటి తులసికి రావు. మార్చి నెలలో, ఎండ ముదరని ఉదయం వేళ, మా పెరటిలోని తులసి ఆకు ఒకటి నలిపి అక్కడే ఉంచి చూశాను. కొద్దిసేపటికే గాలికి ఎదురుగా, అటూ ఇటూ ఊగుతూ ఒక ఈగ వచ్చి వాలింది. నడుము మీద రెండు వైపులా పసుపు చారలు, పొట్ట మీద నల్లటి ‘టి’ ఆకారపు గుర్తు, పారదర్శకమైన రెక్కల ముందు అంచున సన్నని నల్లని గీత. పొట్ట చివర గుండ్రంగా ఉంది. ఆడ ఈగకైతే అక్కడ గుడ్లు గుచ్చే సూది వంటి అవయవం మొనదేలి ఉంటుంది. ఆ మగ ఈగ ఆకు చిట్లిన అంచు వెంబడి మెల్లగా నడుస్తూ, తొండం చాచి, తడిసిన చోటల్లా అద్దుకుంటూ పోయింది. చేయి దగ్గరకు తీసుకెళ్లినా వెంటనే ఎగిరిపోలేదు. మామూలుగా నీడ పడితేనే లేచిపోయే ఈగ అంత నిమగ్నమై ఉండటం చూస్తే, ఆ పదార్థం దానికి ఎంత అవసరమో అర్థమవుతుంది.

ఆ అవసరం ఏమిటో జపాన్ శాస్త్రవేత్త రిత్సువో నిషిదా బృందం 1988లో ప్రచురించిన పరిశోధన వెల్లడించింది. మగ ఈగ తాగిన మిథైల్ యూజినాల్ దాని శరీరంలో వేరే రెండు పదార్థాలుగా మారి, పొట్ట చివర ఉన్న గ్రంథిలో నిల్వ అవుతుంది. వాటిలో ఒకటి కోనిఫెరిల్ ఆల్కహాల్. సాయంత్రం చీకటి పడే వేళకు మగ ఈగలు ఆకుల మీద చేరి, రెక్కలను వేగంగా ఆడిస్తూ ఆ నిల్వను గాలిలోకి వదులుతాయి. ఆ వాసనకు ఆడ ఈగలు వస్తాయి. ఉదయం మొక్క దగ్గర తాగినది సాయంత్రానికి ఆడ ఈగను పిలిచే కబురుగా మారుతుందన్నమాట. మిథైల్ యూజినాల్ తాగిన మగ ఈగలకు తాగని వాటికన్నా జత దొరికే అవకాశం ఎక్కువని, ఒకసారి తాగితే ఆ ప్రభావం వారాల తరబడి ఉంటుందని హవాయిలో చేసిన ప్రయోగాల్లో తేలింది. మలేషియాలో చేసిన పరిశీలనల్లో, దీనిని తాగిన ఈగలను తినడానికి బల్లులు కూడా వెనుకాడాయి. కాబట్టి మగ ఈగ కడుపు నింపుకోవడానికి బుట్టలోకి రావడం లేదు, వంశం నిలుపుకోవడానికి వస్తోంది. మనం వాడే ఎరలన్నింటిలోకీ ఇది ఇంత బలంగా పనిచేయడానికి కారణం అదే.

మలేషియా అడవుల్లో పెరిగే బల్బోఫిల్లమ్ చీరి అనే ఆర్కిడ్ ఈ ఆకర్షణను తన పరాగ సంపర్కానికి వాడుకుంటుంది. ఆ పువ్వులో తేనె ఉండదు, మగ ఈగకు అది ఇచ్చేది మిథైల్ యూజినాల్ మాత్రమే. పువ్వు పెదవి వంటి భాగం కీలు మీద కదులుతుంది. దాని మీద నిలబడి తాగుతున్న ఈగ బరువుకు అది ఒరిగి, ఈగను పుప్పొడి ముద్ద ఉన్న స్తంభం వైపు తోస్తుంది, ముద్ద ఈగ వీపుకు అతుక్కుంటుంది. మనకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ రేల పువ్వు. హవాయిలో పెంచే రేల చెట్ల పూలకు మగ పండు ఈగలు రావడానికి కారణం మిథైల్ యూజినాలేనని అక్కడి శాస్త్రవేత్తలు 1968లో గుర్తించారు. మన వైపు రేల చెట్లు పసుపు పచ్చగా విరగబూసేది, మామిడి కాయ పక్వానికి వచ్చేది ఇంచుమించు ఒకే కాలం. అప్పటికే ఎక్కడో ఈ పదార్థాన్ని తాగిన మగ ఈగ బుట్టకు అంత ఆత్రంగా రాదని కూడా ప్రయోగాలు చెబుతున్నాయి. నా అభిప్రాయంలో, ఏప్రిల్ చివర ఆలోచించుకుని కట్టే బుట్టలకన్నా మార్చి మొదట్లోనే కట్టిన బుట్టలు మేలు చేయడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు.

ఇక ఆడ ఈగ సంగతి. దానిని నడిపించే వాసనలు వేరు. గుడ్లు తయారు కావడానికి దానికి మాంసకృత్తులు కావాలి, గుడ్లు పెట్టడానికి పక్వానికి వస్తున్న కాయ కావాలి. మామిడి వాసనలోని గామా ఆక్టాలాక్టోన్ అనే పదార్థం ఆడ ఈగ చేత గుడ్లు పెట్టిస్తుందని, అంతకుముందు ఏ పండునూ ఎరుగని ఈగ కూడా దానిని పుట్టుకతోనే గుర్తుపడుతుందని బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు 2014లో ప్రచురించారు. బంగినపల్లిని పచ్చిగా ఉండగానే కోసి పంపించే తోటలకన్నా, చెట్టు మీదే పక్వానికి వదిలే చిన్న రసాలకు, ఆలస్యంగా కోసే కాయలకు, అందులోనూ తొలకరి వానలు పడిన తరువాత, ఈగ పోటు ఎక్కువగా కనిపించడం మా అనుభవం. యూరోపియన్ యూనియన్ 2014 మే నుండి మన మామిడిని కొన్నాళ్లు నిషేధించినది కూడా సరుకులో ఈ ఈగ కనబడినందువల్లే.

ఆడ ఈగ బుట్టలోకి రానప్పుడు మగ ఈగలను చంపి ప్రయోజనం ఏమిటన్న మీ ప్రశ్నకు సమాధానం ఇక్కడ ఉంది. మగ ఈగలు దాదాపు లేకుండా పోతే ఆడ ఈగలకు జత దొరకదు, జతకట్టని ఆడ ఈగ గుడ్ల నుండి పురుగు రాదు. పసిఫిక్‌లోని రోటా దీవిలో 1960ల తొలినాళ్లలో మిథైల్ యూజినాల్, నాలెడ్ మందు కలిపి పట్టించిన చిన్న అట్టముక్కలను విమానాల నుండి పదే పదే చల్లి ఈ ఈగను పూర్తిగా నిర్మూలించారు. జపాన్ కూడా ఇదే పద్ధతితో 1986 నాటికి తన నైరుతి దీవులన్నింటి నుండి తొలగించింది. అయితే అవి నాలుగు వైపులా సముద్రం ఉన్న దీవులు. ఒక మగ ఈగ పలు ఆడ ఈగలతో జతకట్టగలదు కనుక, నూటికి ఎనభై మగ ఈగలు పోయినా మిగిలిన ఇరవై చాలు. పైగా మీ బుట్టలు చుట్టుపక్కల తోటల మగ ఈగలను కూడా మీ వైపు రప్పిస్తాయి, కానీ ఆ తోటల్లోనే జతకట్టిన ఆడ ఈగలు నేరుగా మీ కాయల మీదికి వస్తాయి. మీ బుట్టలు నిండటానికి, కాయలు పుచ్చడానికి మధ్య మీకు కనిపించిన వైరుధ్యం ఇదే. బుట్టలో పడిన లెక్క ఈగల రాకను చెప్పగలదు గాని, కాయ భద్రంగా ఉందో లేదో చెప్పలేదు. అది తెలియాలంటే కాయ మీద సూది గుచ్చినట్లుండే మచ్చలను, వాటి నుండి కారే జిగురును చూడాలి.

మా పక్క తోటల వారితో మాట్లాడి అందరమూ ఒకే వారంలో బుట్టలు కట్టడం మొదలుపెట్టాకనే మా కాయల్లో తేడా కనబడింది. కోతకు కనీసం నెలన్నర ముందు కట్టాలి. సారాయి ఆల్కహాల్ ఆరు పాళ్లు, మిథైల్ యూజినాల్ నాలుగు పాళ్లు, మలాథియాన్ అనే పురుగుమందు ఒక పాలు కలిపిన ద్రవంలో ప్లైవుడ్ ముక్కలను రెండు మూడు రోజులు నానబెట్టి, ఎకరానికి నాలుగు నుండి ఆరు చొప్పున, మనిషి తల ఎత్తున, నీడలో వేలాడదీస్తాము. మిథైల్ యూజినాల్ వల్ల ఎలుకల్లో క్యాన్సర్ వచ్చినట్లు ప్రయోగాల్లో తేలింది కనుక చేతికి తొడుగు లేకుండా తాకవద్దు. రాలిన కాయలను ఏ రోజుకారోజు ఏరి రెండడుగుల లోతున పూడ్చడం బుట్టల కన్నా తక్కువ పని కాదు, ఎందుకంటే ఆ కాయల్లోని పురుగులే మట్టిలో దిగి కోశస్థ దశ పూర్తి చేసుకుని తరువాతి తరం ఈగలుగా పైకి వస్తాయి. చెట్ల కింద మట్టిని పైపైన గుల్ల చేస్తే ఆ కోశాలు ఎండకు, పక్షులకు, చీమలకు దొరుకుతాయి. ఆడ ఈగ కోసం మాంసకృత్తుల ఎరలో మందు కలిపి చెట్టుకు ఒకటి రెండు చోట్ల మాత్రమే చిలకరించవచ్చు. కాకర, బీర, దోస పందిళ్ల మీద వచ్చే ఈగ మరొక జాతి, దానికి క్యూలూర్ అనే వేరే ఎర కావాలి, మామిడి బుట్టను అక్కడ కట్టి ప్రయోజనం లేదు.

చివరగా తులసి రసం. దాని వాసన త్వరగా ఆవిరైపోతుంది, మోతాదు మొక్కను బట్టి మారుతుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి, అందులో ఈగను చంపేది ఏదీ లేదు. మూత లేని గిన్నెలో రసం పోసి చెట్టుకు కడితే మగ ఈగలు తాగి వెళ్లిపోతాయి, ఆ సాయంత్రం ఆడ ఈగను మరింత గట్టిగా పిలవగలుగుతాయి. రసం వాడదలిస్తే లోపలికి వచ్చిన ఈగ బయటకు పోలేని సీసాలో, పురుగుమందు కలిపి మాత్రమే వాడండి. పాత ప్లైవుడ్ ముక్కలకు కూడా ఇదే వర్తిస్తుంది. మలాథియాన్ బలం తగ్గి, వాసన మాత్రం మిగిలిన ముక్క ఉన్న బుట్టలో ఈగలు చావకుండా తిరుగుతూ కనబడితే ఆ ముక్కను అదే రోజు మార్చండి.