సమాధానం: టోక్యోకి హనేడానా, నరిటానా?

టోక్యోకి ఉన్న రెండు విమానాశ్రయాలు హనేడా, నరిటాల్లో దేనికి టికెట్ తీసుకోవాలని అడిగారు. మీ అమ్మగారితో, చిన్న పాపతో వెళ్తూ టోక్యోలోని అసాకుసా ప్రాంతంలో బస చేస్తున్నామన్నారు. హనేడా ఫ్లైట్ దిగేది రాత్రి 11:30కి, నరిటాది మధ్యాహ్నానికి, పైగా చవక. నన్నడిగితే కళ్ళు మూసుకుని నరిటా తీసుకోండి.

హనేడా దగ్గరే, కాదనను. ఊరి నడిబొడ్డుకి 15 కిలోమీటర్లు. నరిటా 60 దాకా ఉంటుంది. కానీ ఆ దగ్గరతనం పగలు దిగేవాళ్ళకే కలిసొస్తుంది. 11:30కి దిగి, ఇమిగ్రేషన్ దాటి, బెల్టు దగ్గర పెట్టెలు తీసుకునేసరికి అర్ధరాత్రి దాటుతుంది. అప్పటికి రైళ్ళు ఆగిపోతాయి. ఇక టాక్సీయే గతి, రాత్రి పది నుంచి ఉదయం ఐదు వరకు వాటికి 20 శాతం అదనం. నిద్రమత్తులో ఉన్న పాపని ఎత్తుకుని టాక్సీ క్యూలో నిలబడటం మీకెందుకండీ?

నరిటా నుంచి అసాకుసాకి కేసేయ్ అనే రైల్వే కంపెనీ వాళ్ళ యాక్సెస్ ఎక్స్‌ప్రెస్ రైలు నేరుగా వెళ్తుంది, దాదాపు గంట. రైలు మారక్కర్లేదు, అమ్మగారికి అదే పెద్ద సుఖం. బోర్డు మీద "యాక్సెస్ ఎక్స్‌ప్రెస్" అని చూసే ఎక్కండి. వాళ్ళదే స్కైలైనర్ అనే ఇంకో రైలు వేగంగా వెళ్తుంది గానీ అసాకుసాలో ఆగదు, నిప్పోరి, ఉయెనో స్టేషన్ల వైపు పోతుంది. యాక్సెస్ రైళ్ళు వెంటవెంటనే ఉండవు, టైములు ముందే చూసుకోండి.

ఒక్క సందర్భంలో మాత్రం నా మాట పక్కన పెట్టండి: టోక్యో నుంచి నేరుగా ఇంకో విమానంలో సపోరోకో ఫుకువోకాకో, అంటే జపాన్‌లోనే వేరే ఊరికి, వెళ్ళేటట్టయితే. దేశీయ విమానాలు ఎక్కువ హనేడా నుంచే. ఒక ఎయిర్‌పోర్ట్‌లో దిగి ఇంకోదానికి సామానుతో పరుగెత్తే టికెట్ ఎంత చవకైనా వద్దు.