ముందు నీ గొంతు

అమ్మాయ్,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. హీరోయిన్ వేషం వచ్చిందని చెప్పేటప్పుడు నీ గొంతులో సంతోషం, వెంటనే "చెయ్యొచ్చంటావా పెద్దమ్మా?" అని అడిగినప్పుడు వచ్చిన వణుకు, రెండూ ఇంకా నా చెవిలోనే ఉన్నాయి. కోడంబాక్కంలో నలభై ఏళ్ళు డబ్బింగ్ చెబుతూ, హెడ్‌ఫోన్ పెట్టుకుని ఎవరెవరి గొంతులో విన్నదాన్ని, అంత తొందరగా వదలవు. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

చెయ్యి. పన్నెండేళ్ళు హీరోయిన్ పక్కన స్నేహితురాలిగా, హీరోకి చెల్లెలిగా నిలబడ్డావు. క్యాన్సర్ ఊపిరితిత్తుల దాకా వచ్చిందని, ఇకపై ఇచ్చే మందు దాన్ని కొంతకాలం ఆపడానికేనని డాక్టరుగారు చెప్పినప్పుడు నీ పక్క కుర్చీలో నేనూ ఉన్నాను. ఆ కొంతకాలం నీది. మీ అమ్మకి ఇది నచ్చదు, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు దర్శకుడికీ నిర్మాతకీ నిజం చెప్పు. రిపోర్టులు చేతిలో పెట్టుకుని వెళ్ళు. వేషం పోతుందేమోనని నీ టెన్షన్. పోవచ్చు కూడా, ఆ మాట నీ దగ్గర దాచను. కానీ చెప్పకుండా మొదలుపెట్టి సగంలో నువ్వు మంచం పడితే, అప్పు తెచ్చి సినిమా తీస్తున్న ఆ మనిషి మునిగిపోతాడు. సినిమాకి ఇన్సూరెన్స్ చేయించేటప్పుడు నటీనటుల ఆరోగ్యం గురించి అడుగుతారు. ముందే ఉన్న జబ్బు దాచారని తేలితే క్లెయిమ్ రావడం కష్టం. తెలిసి తీసుకుంటే మాత్రం నిన్ను బట్టి షెడ్యూల్ వేసుకుంటారు.

దాచడం సంగతి నాకు తెలుసు. ముప్పైఎనిమిదేళ్ళప్పుడు నాకు గర్భసంచి ఆపరేషన్ అయింది. ఆరు వారాలు బరువు ఎత్తొద్దు, గట్టిగా అరవొద్దు అన్నారు. మూడో వారంలోనే డబ్బింగ్‌కి వెళ్ళాను, ఎవరికీ చెప్పకుండా. క్లైమాక్స్‌లో కొడుకు శవం మీద పడి తల్లి వేసే కేకలు. రెండు టేకులు బాగానే వచ్చాయి. మూడో టేకులో కేక మధ్యలో, చీర కుచ్చిళ్ళ దగ్గర వెచ్చగా తడి తగిలింది. కుట్లు విడిపోయాయి. మైకు స్టాండ్ పట్టుకుని నిలబడిపోయాను, అద్దం అవతల సౌండ్ ఇంజినీరు ఇంకా చెయ్యి ఊపుతూ "ఒన్ మోర్" అంటున్నాడు. నా వల్ల ఆ సినిమా పని పన్నెండు రోజులు ఆగింది. ముందే చెప్పి ఉంటే ఆ రీలు ఆఖర్న పెట్టుకునేవాళ్ళు, అంతే.

కాబట్టి దర్శకుడు, నిర్మాతతోపాటు కెమెరామన్‌కి, మేకప్ ఆవిడకి, షెడ్యూల్ వేసే అసోసియేట్ డైరెక్టర్‌కి చెప్పు. యూనిట్ మొత్తానికి అక్కర్లేదు. భోజనాల దగ్గర యాభై మంది జాలిగా చూస్తుంటే నటించడం ఎవరివల్లా కాదు.

నీకు మూడు వారాలకోసారి మందు ఎక్కిస్తున్నారు కదా. రెండో వారంలో రక్తకణాల కౌంట్స్ పడిపోతాయి, మూడో వారంలో కాస్త లేచి తిరుగుతావు. నీ కీమో తేదీలు రాసిన కాగితం అసోసియేట్‌కి ఇచ్చి, నీ కాల్షీట్లు ఆ మూడో వారంలో పెట్టమను. పూట కాల్షీట్ అడుగు, పొద్దున ఏడు నుంచి ఒంటిగంట దాకా. నీ ముఖం కనిపించే క్లోజప్‌లు అన్నిటికన్నా ముందు తీసేయమను. వెనక నుంచి నడిచే షాట్లకి, మెట్లెక్కే షాట్లకి డూప్‌ని పెట్టుకోవచ్చు, అందులో నామోషీ లేదు. మే నెలలో కత్తిరి ఎండల్లో మెరీనాలోనో మహాబలిపురంలోనో అవుట్‌డోర్ అంటే వద్దని గట్టిగా చెప్పు. స్టెరాయిడ్ మాత్రలు వేసుకున్న రోజుల్లో బుగ్గలు ఉబ్బుతాయి, కంటిన్యూటీ దెబ్బతింటుంది, ఒక షాట్‌లో ముఖానికీ ఇంకో షాట్‌లో ముఖానికీ పొంతన ఉండదు. అందుకే కెమెరామన్‌కి తెలియాలి అన్నది. విగ్గు కింద మెత్తటి నూలు టోపీ పెట్టించుకో. జిగురు నేరుగా చర్మానికి తగలనివ్వకు, కీమో చర్మం తట్టుకోదు. మేకప్ స్పాంజి, బ్రష్ నీవి నువ్వే తీసుకెళ్ళు.

నూటికి నూరుపాళ్ళు పాటించాల్సిన మాట ఒకటుంది. జ్వరం 100.4 దాటితే సెట్ మీద ఎంతమంది ఎదురుచూస్తున్నా సరే, మేకప్‌తోనే ఆసుపత్రికి వెళ్ళు. కౌంట్స్ తక్కువున్నప్పుడు జ్వరం కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. రాత్రయినా అంతే, తెల్లారాక చూద్దాం అనుకోకు.

ఇప్పుడు అసలు మాట. షూటింగ్ అంతా అయ్యాక డబ్బింగ్ అనేది మామూలు పద్ధతి. నువ్వు అలా చెయ్యకు. ఒక షెడ్యూల్ అయిపోగానే, తీసినంతవరకు ఎడిట్ చేయించి, డబ్బింగ్ చెప్పేసెయ్. నీ జబ్బు ఊపిరి దగ్గర కూర్చుంది. ముఖాన్ని లైటుతో, మేకప్‌తో కొంత కాపాడతారు. ఊపిరి తగ్గితే డైలాగ్ మధ్యలో తెగిపోతుంది, దానికి ఏ మేకప్పూ లేదు.

ఎందుకు ఇంతలా చెబుతున్నానంటే, చాలా ఏళ్ళ కిందట నేనొక అమ్మాయికి డబ్బింగ్ చెప్పాను. షూటింగ్ పూర్తిచేసి, డబ్బింగ్‌కి రాకుండానే పోయింది. నీ వయసే ఉంటుంది. హెడ్‌ఫోన్లో పైలట్ ట్రాక్ వేశారు. షూటింగ్‌లో తను పలికిన మాటలు, వెనక జనరేటర్ మోత, ఎవరో "సైలెన్స్" అని అరవడం. ఆ గోలలోనే, పెద్ద డైలాగ్ ముందు ఆ అమ్మాయి ముక్కుతో చిన్నగా గాలి పీల్చడం వినిపించింది. అది తన అలవాటు, ప్రతి డైలాగ్ ముందూ ఉంది. నాలుగు రోజులు ఆ ఊపిరిని పట్టుకునే చెప్పాను. అంత శ్రద్ధగా నేనెవరికీ చెప్పలేదు. ప్రివ్యూకి వాళ్ళమ్మ వచ్చింది. ఇంటర్వెల్లో బయటికొచ్చి గోడకి ఆనుకుని నిలబడి, ఎవరినీ ఉద్దేశించకుండా, "మా పిల్ల మాట ఏదమ్మా?" అంది. నేను ఆవిడకి రెండడుగుల దూరంలో ఉన్నాను. నేనే చెప్పానని చెప్పడానికి నోరు రాలేదు.

అక్కినేని నాగేశ్వరరావుగారు తనకి క్యాన్సర్ అని 2013 అక్టోబరులో ఆయనే విలేకరులకి చెప్పారు. 'మనం'లో తన డబ్బింగ్‌ని ఇంట్లోనే, మంచం దగ్గరికి పరికరాలు తెప్పించుకుని పూర్తిచేశారు. 2014 జనవరి 22న వెళ్ళిపోయారు. మే నెలలో సినిమా వచ్చింది, హాల్లో వినిపించింది ఆయన గొంతే. ఆయన అంతటివాడు కాబట్టి ఇంటికి తెచ్చారనుకోకు. ఇప్పుడు మంచి మైకు, లాప్‌టాప్ ఒక బ్యాగులో పట్టేస్తాయి. నడవలేని రోజు వస్తే మీ బెడ్‌రూమ్ కిటికీలకి దుప్పట్లు కట్టి నేనే పక్కన కూర్చుంటాను.

డైలాగులతోపాటు నీ నవ్వు, ఏడుపు, నిట్టూర్పు, పరుగెత్తి వచ్చిన ఆయాసం, "ఊఁ", "ఆఁ", "అమ్మా" అనే పిలుపు పది రకాలుగా, అన్నీ విడిగా రికార్డు చేసి పెట్టు. ఎడిటింగ్‌లో అవసరం పడతాయి. కేకలు మాత్రం రోజు చివర్లో, ఒక్క టేకే.

ఇంకొకటి, ఇప్పుడు కంప్యూటర్‌తో పోయినవాళ్ళ గొంతు కూడా పుట్టిస్తున్నారు. 2024లో వచ్చిన 'లాల్ సలామ్' పాటలో ఎ.ఆర్. రెహమాన్ అలా ఇద్దరు గాయకుల గొంతు వాడారు. వాళ్ళ కుటుంబాల అనుమతి తీసుకుని, పారితోషికం కూడా ఇచ్చామన్నారు. నీ గొంతుని అలా వాడొచ్చో వద్దో, వాడితే ఈ సినిమా వరకేనా అన్నది నువ్వు ఉండగానే అగ్రిమెంట్లో రాయించు. ఆ నిర్ణయం మీ అమ్మ నెత్తిన పడకూడదు.

నొప్పి గురించి. మార్ఫిన్ వేసుకుంటే మత్తుగా ఉంటుంది, నటన పోతుందని మానేస్తున్నావట, మీ అమ్మ చెప్పింది. అలా చెయ్యకు తల్లీ. నొప్పి ఓర్చుకునే ముఖం కెమెరాకి ఇట్టే దొరికిపోతుంది. మాత్ర గడియారం చూసి వేసుకోవాలి, నొప్పి వచ్చేదాకా ఆగకూడదు. డోసు మార్చిన మొదటి రెండు మూడు రోజులే మత్తు ఎక్కువ, అందుకే డోసు మార్పు షూటింగ్ లేని రోజుల్లో పెట్టుకో. మలబద్ధకం తప్పదు కాబట్టి దానికీ మందు కలిపి రాయించుకో. పెద్ద సీనున్న రోజు ఏ టైముకి వేసుకోవాలో డాక్టరుగారినే అడుగు. అడయార్‌లో నువ్వు చూపించుకునే ఆ క్యాన్సర్ ఆసుపత్రిని 1954లో ముత్తులక్ష్మీరెడ్డిగారు మొదలుపెట్టింది తన చెల్లెలు క్యాన్సర్‌తో పోయిన బాధతోనే. అలాంటి చోట నువ్వు సినిమా గురించి అడిగితే ఎవరూ నవ్వరు.

డబ్బు సంగతి క్లుప్తంగా: పారితోషికం షెడ్యూల్‌కి ఇంత అని విడగొట్టి తీసుకో, బ్యాంకులో నామినీ పేరు సరిచూసుకో.

ఇక మీ అమ్మ. ఆవిడ నిన్న నాకూ ఫోన్ చేసింది. "ఉన్న నాలుగు రోజులూ నా కళ్ళముందు ఉండకూడదా అక్కా" అని ఏడ్చింది. ఆవిడది తప్పు కాదు. నువ్వు వాదించి గెలవాలని చూడకు. ఆదివారాలు ఆవిడకి ఇచ్చెయ్, స్క్రిప్టు ముట్టుకోకుండా. డైలాగులు బట్టీ పట్టేటప్పుడు ఎదుటి పాత్ర మాటలు ఆవిడని చదవమను. వీలైన రోజు సెట్‌కి తీసుకెళ్ళి మానిటర్ పక్కన కుర్చీ వేయించు. ఎప్పుడైనా నీ ఒళ్ళు ఇక వద్దంటే, ఆ మాట ముందు ఆవిడకే చెప్పు, తర్వాత దర్శకుడికి. ఆపడానికి కూడా నీకు హక్కుంది, నన్ను నిరాశపరుస్తానేమోనని లాగొద్దు.

బుధవారం పొద్దున పదింటికి వడపళనిలో నాకు తెలిసిన చిన్న డబ్బింగ్ థియేటర్ ఒక గంటకి అడిగి పెట్టాను. డబ్బులు తీసుకోనన్నారు. నీ ఆడిషన్ సీనే మైకు ముందు చెబుదువుగాని, ఊపిరి ఎక్కడెక్కడ ఆపుకోవాలో చూద్దాం. ఫ్లాస్కులో వేడినీళ్ళు నేను తెస్తాను. వచ్చేటప్పుడు అమ్మని కూడా తీసుకురా.

మీ పెద్దమ్మ