మీ అమ్మ పుండుకు పత్యం పెట్టొద్దు

నాయనా,

ఆఫీసు పని ఇంటినుంచే చేసుకుంటూ అమ్మ కాలి షుగరు పుండుకు నువ్వే కట్టు కడతానన్నావంట, మీ నాన్న చెప్పాడు. గర్వంగానే ఉంది, రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. కట్టు సంగతి నర్సు చూపించే ఉంటుంది: చేతులు కడుక్కో, సెలైన్‌తో శుభ్రం చెయ్యి, మడమ మీద బరువు పడనీకు. నా భయమంతా వంటింటి గురించే.

చంద్రగిరి చుట్టాలు చూడ్డానికొచ్చి తలా ఒక పత్యం చెప్పిపోతారు. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి, వంకాయ దురద. మీ జేజికి ఇదే జరిగింది. షుగరు పుండని తెలిసిన రోజు నుంచి మీ తాత ఆమెకు చారన్నం, మజ్జిగన్నం తప్ప ఇంకేదీ పెట్టనివ్వలేదు. నేనప్పుడే నర్సు ట్రైనింగులో చేరాను, ఇంట్లో నా మాట ఎవరు వింటారు? తిండి తగ్గేసరికి షుగరూ తగ్గింది, అందరికీ అదే సంతోషం. పుండు మాత్రం పాలిపోయి అలాగే ఉండేది, మనిషి చిక్కిపోయింది, పాదాలకు నీరు పట్టింది. చివరికి ఒక డాక్టరు కట్టు విప్పకముందే "ఏం తింటున్నావమ్మా?" అని అడిగాడు. కొత్త కండ పుట్టడానికి ప్రోటీన్ కావాలి, పుండులో కారే రసితో కూడా అది రోజూ పోతూనే ఉంటుంది, చారన్నంలో ఎక్కడినుంచి వస్తుంది? పప్పు, గుడ్డు మొదలుపెట్టాక మెల్లగా ఎర్రటి కండ వచ్చింది. అప్పటికే ఒక వేలు తీసేశారు. మీ తాత ప్రేమతోనే చేశాడు, నాకు మాత్రం ఇప్పటికీ కోపం పోలేదు.

మామూలుగా కిలో బరువుకు 0.8 గ్రాముల ప్రోటీన్ చాలు, మానని పుండుంటే 1.25 నుంచి 1.5 దాకా చెబుతారు. మీ అమ్మ 60 కిలోలుంటే 75 గ్రాములకు తగ్గకూడదు. గుడ్డుకు వచ్చేది 6 గ్రాములే, లెక్క చూసుకో. సంగటి ముద్ద చిన్నది చేసి పప్పు గిన్నె పెద్దది చెయ్యి. పెరుగు, చేప, నాటుకోడి పెట్టు. ఉలవచారు పోసి ఉలవలు పెట్టాననకు, చారు మనం తాగి గింజలు ఎద్దులకు వేసే తెలివి మనది, గుగ్గిళ్ళు చెయ్యి. జామకాయో ఉసిరికాయో రోజూ ఉండాలి, సి విటమిన్ లేకుంటే కొత్త చర్మానికి గట్టిదనం రాదు. జింకు మాత్రలు నీ అంతట నువ్వు కొనొద్దు. షుగరు దించడానికి కడుపు మాడ్చకు, దానికి మందులున్నాయి, అవసరమైతే ఇన్సులిన్ ఉంది.

ఇదంతా మొదలుపెట్టే ముందు కిడ్నీలు ఎలా ఉన్నాయో చూడ్డానికి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించు. షుగరు వాళ్ళకు కిడ్నీలు చప్పుడు లేకుండా దెబ్బతింటాయి, అలా ఉంటే ప్రోటీన్ లెక్క డాక్టరే వెయ్యాలి, నేను కాదు. రిపోర్టు రాగానే ఫోటో పంపు. వదిన గుడ్డు వద్దంటే నాకు ఫోన్ కలుపు, నేను తిడతాను.

మీ అత్త