అడిగేవారు లేని పనే ముందు

ప్రశ్న: రోజంతా తీరిక లేకుండా పనిచేస్తున్నా, సాయంత్రమయ్యేసరికి ఏ పనీ చేయలేదనిపిస్తోంది. నిజంగా ముఖ్యమైన పని మీదే దృష్టి నిలపడానికి మీరు ఏమి చేస్తారు?

పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. మీరు చెప్పిన ఆ సాయంత్రపు దిగులు నాకు బాగా తెలుసు. అది ఎందుకు వస్తుందో మాత్రం మూడో తరగతి పిల్ల ఒకతె చూపుడువేలు చూసిన రోజున అర్థమైంది. ఆ పిల్లను ఇక్కడ సిరి అంటాను, అసలు పేరు అది కాదు.

సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచిన వారం అది. మూడు, నాలుగు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టుకున్నాను. మరుసటి వారం తనిఖీ ఉందని కబురు రావడంతో మధ్యాహ్న భోజనం రిజిస్టరు ముందేసుకుని బియ్యం లెక్క సరిచూస్తున్నాను. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి నా పక్కన నిలబడి పాఠం చదువుతున్నారు. చెవులు వాళ్ల మీద, కళ్లు బియ్యం మీద. సిరి వంతు వచ్చింది. తరగతిలో అందరికంటే ధారాళంగా చదివే పిల్ల. ఎక్కడా ఆగదు, కామా దగ్గర గొంతు దించుతుంది కూడా. కలంలో సిరా అయిపోయి తలెత్తాను. నోరు పేరా చివరి వాక్యం చెబుతోంది. వేలు మాత్రం అక్షరాలు దాటిపోయి, కింద ఉన్న కోడిపెట్ట బొమ్మ మీద మెల్లగా జరుగుతోంది.

ఏమీ అనకుండా పుస్తకంలో రెండు పేజీలు తిప్పాను. ఆగలేదు. అదే పాఠం, అదే గొంతు. పలక తీసుకుని 'మడమ' అని రాశాను. వత్తు లేదు, గుడి లేదు, కొమ్ము లేదు. సిరి పలక వైపు చూడలేదు. నా పెదవుల వైపు చూసింది. మొదటి శబ్దం నేను అందిస్తే మిగతాది అల్లుకుందామని ఎదురుచూస్తోంది. 'మ' ఒక్కటే రాసి చూపిస్తే "య" అంది. మూడో తరగతి సగం పైగా గడిచింది. ఆ పిల్ల తోటివాళ్లు చదువుతుంటే విని పాఠాలన్నీ కంఠతా పట్టేసింది. నా రిజిస్టరులో సిరి పేరు ఎదుట ఆగస్టు నుంచి ప్రతి నెలా 'ధారాళంగా చదువుతుంది' అని ఉంది. రాసింది నేనే.

ఆ రాత్రి నిద్ర పట్టక, ఆ వారమంతా నేను చేసిన పనులు గుర్తుచేసుకున్నాను. ప్రతి పనికీ అడిగేవారు ఉన్నారు. గుడ్ల లెక్క అడిగారు, మరుగుదొడ్ల ఫోటోలు అడిగారు, బూట్ల కొలతలు అడిగారు. పదకొండు గంటలలోపు పంపకపోతే ఫోను వచ్చేది. సిరికి చదవడం వచ్చిందా అని మాత్రం ఆ వారం ఎవరూ అడగలేదు, అంతకుముందు వారమూ అడగలేదు. తల్లి కూలి పనికి పోతుంది, బిడ్డ గడగడా పాఠం చెబుతుంటే మురిసిపోతుంది. సిరి తనంతట తాను అడగదు. ముఖ్యమైన పనికి గొంతు ఉండదు. ఏ ఉద్యోగంలోనైనా ఇంతే, నాకు ఇందులో అనుమానం లేదు. ఎవరూ ఫోను చేసి అడగని పని ఏదో వెతకండి, మీ అసలు పని అదే.

అప్పటినుంచి ప్రార్థన కాగానే ఫోను బీరువాలో పెట్టి తాళం వేస్తాను. మొదటి నలభై నిమిషాలు చదివించడమే. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, అంతకుముందు చూడని కాగితం ఇస్తాను. పల్లెల్లో పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చాయో చూసే అసర్ సర్వేవాళ్లు ఇళ్లకు వెళ్లి చేసేది ఇదే. అక్షరాలు, పదాలు, చిన్న పేరా, చిన్న కథ ఉన్న కాగితం పిల్ల చేతికిచ్చి చదవమంటారు. గ్రామీణ ప్రాంతాల ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు దేశం మొత్తం మీద 23.4 శాతమేనని 2024 నివేదికలో చూసినప్పుడు చాలామంది నమ్మలేదు. సిరి వేలు చూసినదాన్ని కాబట్టి నేను నమ్మాను.

సిరికి పళ్లెంలో ఇసుక పోసి మ, య పక్కపక్కన దిద్దించాను. తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము అన్నీ మళ్లీ మొదటినుంచి. రోజుకు ఇరవై నిమిషాలు. వేసవి సెలవుల లోపు వత్తులు లేని మాటలు కూడబలుక్కోవడం వచ్చింది. వత్తులు నాలుగో తరగతిలో దసరా దాకా పట్టాయి. ఆ నెలల్లో నా నివేదికలు మూడు ఆలస్యమయ్యాయి. ఒకసారి సంజాయిషీ అడిగితే, ఉదయం పూట పిల్లలను చదివిస్తున్నందువల్ల ఆలస్యమైందని రాసి ఇచ్చాను. ఆకాశమేమీ విరిగి పడలేదు.

విద్యా హక్కు చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలంటుంది. అంటే రోజుకు నాలుగు గంటలు. ఒక వారం నేను నిమిషాలతో సహా రాసుకుంటే, ఆరు రోజుల 24 గంటల్లో తొమ్మిది గంటలు లెక్కలకూ ఫోటోలకూ పోయాయి. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప ఉపాధ్యాయులకు చదువుతో సంబంధం లేని పనులు అప్పగించకూడదని అదే చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. ఫోటోలు తీయించడం ఆ మూడింటిలో దేని కిందికి వస్తుందో నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇలాంటి ప్రశ్న ఎక్కడ కనిపించినా, తెల్లవారుజామున ఐదింటికి లేవండి అని సలహా ఇచ్చేవారు ఉంటారు. మా ఇళ్లలో ఆడవాళ్లు తరతరాలుగా ఐదింటికే లేస్తున్నారు. ఆ గంట పొయ్యి దగ్గరికీ, నీళ్ల దగ్గరికీ, డబ్బాలు సర్దడానికీ పోతుంది. ఎప్పుడు లేచారని కాదు, లేచిన తర్వాత మొదటి గంట ఎవరి చేతిలో ఉందని అడగాలి. మా చెల్లెలు జాకెట్లు కుడుతుంది. పెళ్లిళ్ల కాలంలో 'నాది అయిందా, నాది అయిందా' అని అడిగేవాళ్లకు బదులు చెప్పడంతోనే పొద్దు గడిచిపోయేది. ఇప్పుడు ఫోను ముట్టుకోకముందే ఆ రోజుకు కావలసిన గుడ్డంతా కత్తిరించి పెడుతుంది. కుట్టుకు సాయం దొరుకుతుందట, కత్తెర మాత్రం తన చేతిలోనే ఉండాలట.

సిరి ఇప్పుడు ఐదో తరగతి. మొన్న టౌనుకు వెళ్లే బస్సులో వాళ్ల నానమ్మతో కలిసి నా ముందు సీటులో కూర్చుంది. నన్ను చూడలేదు. కిటికీ పక్కన ఎర్ర రంగుతో రాసి ఉన్న మాట మీద వేలు పెట్టి, "అ... త్య... వ... సర... ద్వా... రం" అంటూ కూడబలుక్కుంది. 'త్య' దగ్గర ఆగి, వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టింది. వేలు ఏ అక్షరం మీద ఉందో నోట్లో ఆ అక్షరమే ఉంది.

బస్సు దిగాక ఆటో ఎక్కాను. నడిపే అబ్బాయి నన్ను గుర్తుపట్టి, "టీచర్, మీ దగ్గరే చదువుకున్నాను" అని నమస్కారం పెట్టాడు. డబ్బులు వద్దన్నాడు. నేను ఒప్పుకోలేదు. దిగేటప్పుడు తన ఫోను నా చేతికిచ్చి, బ్యాంకు నుంచి తెలుగులో ఏదో వచ్చిందని, కాస్త చదివిపెట్టమని అడిగాడు. చదివి చెప్పాను. ఇంటికి వచ్చాక అతను మూడో తరగతిలో ఉన్న ఏడాది లెక్కవేసుకున్నాను. ఆ ఏడాది మా బడి రిజిస్టర్లు మండలంలోనే అందరికంటే చక్కగా ఉన్నాయని నన్ను మెచ్చుకున్నారు.