అద్దెకిచ్చే పాత ఇంటికి పెయింట్: లెడ్ సర్టిఫికెట్ ఎవరికి ఉండాలి?

మీరు అడిగింది ఇదీ: న్యూజెర్సీలో 1950ల నాటి ఇల్లు కొన్నారు, అద్దెకివ్వడానికి ముందు కిటికీలు మార్చి పెయింట్ వేయించాలి. తెలిసిన హ్యాండీమ్యాన్ పాత పెయింట్‌లోని సీసం (లెడ్) గురించి సర్టిఫికెట్ ఏమీ అక్కర్లేదంటున్నాడు, పోనీ వీకెండ్లలో మీరే చేసుకుంటే ఈ గోల తప్పుతుందా అని.

తప్పదండీ. మీరుండే సొంత ఇల్లయితే మీ చేత్తో మీరు చేసుకోవచ్చు, పాత పెయింట్‌ని కదిలించే పనులకు ఈపీఏ (అమెరికా కేంద్ర పర్యావరణ సంస్థ) పెట్టిన రూల్ అడ్డురాదు. కానీ అద్దె వసూలు చేసే ఇంట్లో ఓనరే బ్రష్ పట్టుకున్నా కాంట్రాక్టర్ కిందే లెక్క, ఎందుకంటే ఆ అద్దెనే పనికి ప్రతిఫలంగా చూస్తారు. మనవాళ్ళలో రెండో ఇల్లు కొన్న చాలామందికి ఈ సంగతి తెలియదు.

నేను ఇక్కడ పెయింటింగ్, రీమోడలింగ్ పనులు చేస్తాను, ఆ సర్టిఫికెట్‌కి కావలసిన కోర్సు చేసి రెన్యూ కూడా చేయించుకున్నాను. అమెరికాలో ఇళ్ళకు సీసం కలిసిన పెయింట్ వాడకూడదని 1978లో నిషేధించారు, కాబట్టి అంతకుముందు కట్టిన ఇల్లయితే, టెస్ట్ చేసి లేదని తేల్చేదాకా, ఉందనే అనుకుని పనిచేయాలి. ఈపీఏ వాళ్ళ ఆర్‌ఆర్‌పీ (రెనొవేషన్, రిపేర్, పెయింటింగ్) రూల్ 2010 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. లోపల ఒక్కో గదిలో 6 చదరపు అడుగులు, బయట 20 చదరపు అడుగులు దాటి పాత పెయింట్‌ని కదిలిస్తే ఇది వర్తిస్తుంది. కిటికీలు మార్చడానికైతే ఈ మినహాయింపు కూడా లేదు, ఒక్క కిటికీ అయినా సరే. తెరిచి మూసినప్పుడల్లా ఫ్రేము రాసుకుని రాలే దుమ్ము అక్కడే పేరుకుంటుంది, పాకే పిల్లల చేతులకు అంటి నోట్లోకి పోయేది అదే మరి.

సర్టిఫికెట్లు రెండు. మనిషికి ఒకటి, సంస్థకు ఒకటి. చాలామంది కోర్సు కాగితం చూపించి అయిపోయిందంటారు. అది ఆ మనిషికి మాత్రమే. ఒంటరిగా పనిచేసే హ్యాండీమ్యాన్ అయినా సంస్థగా విడిగా ఈపీఏకి 300 డాలర్లు కట్టి తీసుకోవాలి, అయిదేళ్ళు చెల్లుతుంది. కొన్ని రాష్ట్రాలు ఈ ప్రోగ్రామ్‌ని సొంతంగా నడుపుకుంటాయి, న్యూజెర్సీలో మాత్రం ఈపీఏనే.

కోర్సు 8 గంటలు, అందులో 2 గంటలు చేత్తో చేసి చూపించాలి, అందుకే మొదటిసారి మొత్తం ఆన్‌లైన్‌లో కానిచ్చేయడం కుదరదు. నాకు పనికొచ్చింది ఆ రెండు గంటలే. నేల మీద ప్లాస్టిక్ షీట్ పనిచేసే చోటు నుంచి 6 అడుగుల దాకా పరిచి అంచులు టేప్ చేయడం, ఏసీ గాలి వచ్చే వెంట్లు మూయడం, పనయ్యాక షీట్ మీద నీళ్ళు చిలకరించి మురికి వైపు లోపలికి వచ్చేలా మడవడం, చివర్లో తడి గుడ్డతో కిటికీ గట్టూ నేలా తుడిచి ఆ గుడ్డ రంగుని ఒక కార్డుతో పోల్చడం. గుడ్డ కార్డు కంటే నల్లగా ఉంటే మళ్ళీ శుభ్రం చేయాల్సిందే. పెయింట్ ఒలవడంలో ఏళ్ళ అనుభవం ఉన్న పెద్దాయన ఒకాయన మా బ్యాచ్‌లో మొదట తెగ విసుక్కున్నాడు, ఆ కార్డు దగ్గరికొచ్చేసరికి ఆయనే అందరికంటే ఎక్కువ ప్రశ్నలు అడిగాడు. అయిదేళ్ళ గడువు ముగిసేలోపే 4 గంటల రిఫ్రెషర్ చేయాలి. అది పూర్తిగా ఆన్‌లైన్‌లో చేస్తే గడువు 3 ఏళ్ళే, నేను అందుకే నేరుగా వెళ్ళి చేశాను.

మీ హ్యాండీమ్యాన్‌తో గొడవ పడక్కర్లేదు, పాత పెయింట్ ఎలా తీస్తావని ఒక్క మాట అడగండి. హెపా వాక్యూమ్ (సన్నటి దుమ్మునీ పట్టేసే ఫిల్టర్ ఉన్నది) తగిలించని సాండర్, అంటే రాపిడి మెషిన్, అన్నా, మంటతో కాలుస్తానన్నా అక్కడితో ఆపేయండి, ఆ రెండూ నిషేధం. వేడి గాలితో పెయింట్ మెత్తబరిచే హీట్ గన్ కూడా 1100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటకూడదు. టీమ్‌లో అందరికీ కోర్సు అక్కర్లేదు, సర్టిఫైడ్ మనిషి ఒకరు మిగతావాళ్ళకు పని దగ్గరే నేర్పితే చాలు, కానీ చుట్టూ షీట్లు పరిచేటప్పుడూ, చివరి శుభ్రం అప్పుడూ ఆ మనిషి అక్కడే ఉండాలి. ఇంకోటి, పని మొదలుపెట్టేముందే "రెనొవేట్ రైట్" అనే చిన్న పుస్తకం మీ చేతికిచ్చి సంతకం తీసుకోవాలి. దాని పేరే వినలేదంటే కోర్సు చేయలేదనే అర్థం.

పనిచేసిన విధానాన్ని రాసిన రికార్డు కాపీ మీకూ ఇవ్వాలి, వాళ్ళ దగ్గర 3 ఏళ్ళు ఉంచుకోవాలి. చివరి వాయిదా డబ్బులు ఆ కాగితం చేతికొచ్చాకే ఇవ్వండి.