నెల్లా లార్సెన్ ‘సంకరజాతి’ రచయిత్రా?

సందేహం: అమెరికన్ నవలా రచయిత్రి నెల్లా లార్సెన్ తల్లి తెల్లజాతి, తండ్రి నల్లజాతి. అందుకని నా వ్యాసంలో ‘సంకరజాతి రచయిత్రి’ అని రాశాను. అది తప్పని మిత్రుడన్నాడు. మరేం రాయాలి? ఆమె నవల ‘పాసింగ్’ పేరును తెలుగులో ఎలా చెప్పాలి?

సమాధానం: మీ మిత్రుడి మాటే సరి. నిఘంటువు చూస్తే సంకరం అంటే కలయికే. వాడుకలో మాత్రం సంకరజాతి అనగానే ఆవులు, విత్తనాలు గుర్తొస్తాయి. దానికన్నా పాత అర్థం మరీ ఇబ్బందికరం: గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు భయపడింది వర్ణసంకరం గురించే. ఆ మాట వాడితే ఆవిడ తల్లిదండ్రులు కలవడమే తప్పన్నట్టు అవుతుంది. ‘మిశ్రమజాతి’లో ఆ నింద లేదు, వాడొచ్చు. కానీ తల్లి ఎవరో, తండ్రి ఎవరో అది చెప్పదు.

లార్సెన్ విషయంలో చెప్పాల్సింది అదే. ఆవిడ 1891లో షికాగోలో పుట్టారు. తల్లి డెన్మార్క్ నుంచి వలస వచ్చిన తెల్లావిడ. తండ్రి అప్పటి డేనిష్ వెస్టిండీస్‌కు, అంటే డెన్మార్క్ ఏలుబడిలోని కరీబియన్ దీవులకు చెందిన నల్లజాతి మనిషి. ఆయన తొందరగానే దూరమయ్యాడు, తల్లి ఒక తెల్లవాణ్ణి పెళ్లాడింది. ఇక ఆ ఇంట్లో తల్లి, మారుతండ్రి, చెల్లెలు అందరూ తెల్లవాళ్లే, ఈవిడ తప్ప. 1928 నాటి తొలి నవల ‘క్విక్‌శాండ్’లో కథానాయిక హెల్గాదీ ఇలాంటి పుట్టుకే. కోపెన్‌హాగెన్ వెళ్తే అక్కడి చుట్టాలు ఆమెను ముస్తాబు చేసి వింతవస్తువులా చూపిస్తారు. కాబట్టి ‘డేనిష్ తల్లికి, వెస్టిండీస్ నల్లజాతి తండ్రికి పుట్టిన అమెరికన్ రచయిత్రి’ అని రాయండి. పొడుగైతే కానివ్వండి. వట్టి ‘నల్లజాతి రచయిత్రి’ అన్నా తప్పు లేదు, న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో నల్లజాతి రచయితలు నడిపిన సాహిత్యోద్యమంలో ఆవిడకు ఆ గుర్తింపే ఉంది. కానీ తల్లి కనబడకుండా పోతుంది.

ఇక ‘పాసింగ్’ (1929). ఇందులో క్లేర్ అనే లేతరంగు నల్లజాతి స్త్రీ తెల్లమనిషిగా చెలామణి అవుతూ, నల్లవాళ్లంటే అసహ్యించుకునేవాణ్ణి పెళ్లాడుతుంది. ‘చెలామణి కావడం’ చక్కగా సరిపోతుంది. ‘మారువేషం’ అనకండి. క్లేర్ ఒంటి రంగు ఆమె సొంతమే, పూసుకున్నది కాదు. నల్లజాతి రక్తం ఏ కాస్త ఉన్నా తెల్లవారు కారని 1924లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం చట్టమే చేసింది. అలాంటి కాలపు కథ ఇది. నవల పేరును మాత్రం అలాగే ఉంచి, మొదటిసారి రాసినప్పుడే అర్థం చెప్పండి. లేదంటే మనవాళ్లు పరీక్ష పాసవడం అనుకుంటారు.