ముద్దు చేస్తుంటే కొరికేస్తోంది.. మా పిల్లికి మా మీద ప్రేమ లేదా?

ప్రశ్న: మాది సఖినేటిపల్లి మండలం. మా ఇంట్లో రెండేళ్ల మగ పిల్లి ఉంది. కళ్లు తెరిచిన కొత్తలో, తల్లి లేకుండా కొబ్బరితోటలో దొరికితే తెచ్చి సిరంజితో పాలు పట్టి పెంచాం. టీకాలేమీ వేయించలేదు, ఆపరేషనూ చేయించలేదు. వచ్చి కాళ్లకు రాసుకుంటుంది, ఒళ్లో కూర్చుని ముందరి కాళ్లతో పిండి పిసికినట్టు తొక్కుతుంది, ఎలుకల్ని పట్టి తెచ్చి గుమ్మంలో పడేస్తుంది. కానీ మా పదేళ్ల పాప నిమురుతుంటే గురగురమంటూనే ఉన్నట్టుండి చెయ్యి కొరుకుతుంది. ఐదు రోజుల కిందట రక్తం కూడా వచ్చింది. పసుపు రాశాం, మానిపోయింది. ఎండాకాలమంతా దగ్గరికే రాలేదు, వానలు పడ్డాక మళ్లీ ఒళ్లో చేరుతోంది. ‘పిల్లికి విశ్వాసం ఉండదు, పంటు ఎక్కించి, ఏరు దాటించి నరసాపురంలో వదిలేసి రండి’ అంటున్నారు మా అత్తగారు. దానికి నిజంగా మా మీద ప్రేమ ఉందా? ఏం చేయమంటారు?
– ఒక గృహిణి

జవాబు: పిల్లి సంగతి తర్వాత, ముందు పాప సంగతి చూడండి. గాయం మానిపోయిందని ఊరుకోకండి. టీకా వేయించని పిల్లి రక్తం వచ్చేలా కొరికింది కాబట్టి రేబిస్ విషయంలో ఇది మూడో కేటగిరీ, అంటే అన్నిటికంటే తీవ్రమైన రకం గాయం. ఈ రోజే పాపను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి గానీ ఏరియా ఆసుపత్రికి గానీ తీసుకెళ్లండి. ఐదు రోజులు ఆలస్యమైనా టీకా మొదలుపెట్టాల్సిందే. చర్మం పొరలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో, కండకు ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో వేస్తారు. 0 అంటే మొదటి సూది పడిన రోజు. కాటు పడిన చోట ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా ఎక్కించాల్సి ఉంటుంది. అది టీకాతో పాటే ఇవ్వాలి, మొదటి టీకా పడి వారం దాటితే ఇక ఇవ్వరు. అందుకే కొరికి ఎన్ని రోజులైందో, రక్తం వచ్చిందో లేదో, పిల్లికి టీకా ఉందో లేదో దాచకుండా చెప్పండి. ధనుర్వాతం సూది సంగతీ అడగండి.

ఇకముందు ఎప్పుడు కొరికినా, గీరినా కుళాయి కింద ధారగా పడే నీళ్లలో సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కాఫీ పొడి, కారం ఏదీ పెట్టొద్దు. పిల్లి కోరలు సూదుల్లా సన్నగా ఉంటాయి. పైకి చుక్కంత గాయం కనిపించినా లోపల లోతుగా దిగుతాయి, దాని నోట్లోని సూక్ష్మజీవులు అక్కడ చిక్కుకుపోతాయి, పైచర్మం త్వరగా మూసుకుపోతుంది. ఒక రోజు తిరక్కుండానే చెయ్యి ఎర్రబడి వాచి సలుపు పుట్టడం చాలామందిలో చూస్తాం. అప్పుడు యాంటీబయాటిక్ కోసం అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఇప్పుడు పంటు మాట. దయచేసి ఆ పని చేయకండి. కొరికిన పిల్లిని 10 రోజులు కళ్లముందు ఉంచుకుని గమనించాలి. రేబిస్ ఉన్న పిల్లి ఆ 10 రోజుల్లోపే జబ్బు పడి చనిపోతుంది. మీ పిల్లి ఇప్పటికి ఐదు రోజులు బాగానే ఉంది, ఇంకో ఐదు రోజులు ఇంట్లోంచి బయటికి పోనివ్వకుండా చూడండి. పాపకు టీకాలు మాత్రం ఆ గడువు కోసం ఆగకూడదు. పదో రోజు దాటాక పిల్లి ఆరోగ్యంగా ఉందని చెబితే మిగతా టీకాల సంగతి డాక్టరే నిర్ణయిస్తారు. దాన్ని ఏరు దాటించి వదిలేస్తే ఆ సమాచారమే చేజారిపోతుంది. పైగా తిండీ నీళ్లూ దొరక్క బాధపడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం కూడా.

ఇక మీరు అడిగిన ప్రేమ విషయం. పిల్లికి ఇంటి మీదే గానీ మనుషుల మీద మమకారం ఉండదని పెద్దవాళ్లు చెప్పుకోవడానికి కారణం ఉంది. కుక్కలా అది మీరు రాగానే ఎగబడదు, పిలిస్తే పరుగెత్తి రాదు. కానీ మమకారం లేకపోవడం వేరు, దాన్ని వేరే రకంగా చూపించడం వేరు. అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీవారు 2019లో పిల్లికూనల్ని యజమానితో పాటు కొత్త గదిలో కొద్దిసేపు ఉంచి, యజమానిని రెండు నిమిషాలు బయటికి పంపి, మళ్లీ రప్పించి చూశారు. ప్రతి మూడింటిలో దాదాపు రెండు కూనలు, యజమాని తిరిగి రాగానే కుదుటపడి గదంతా తిరగడం మొదలుపెట్టాయి. చంటిపిల్లలు తల్లి దగ్గర చేసేదీ ఇదే.

మీ పిల్లి కాళ్లకు రాసుకునేటప్పుడు ఒకసారి దగ్గరగా చూడండి. ముందు బుగ్గ, తర్వాత పక్క, చివరికి తోక మొదలు వరుసగా తాకిస్తుంది. బుగ్గల్లో, గడ్డం కింద, నుదుటి మీద, తోక మొదట్లో వాసన గ్రంథులు ఉంటాయి. ఆ వాసన మన ముక్కుకు అందదు గానీ, దానికి అది ‘వీళ్లు నా వాళ్లు’ అన్న ముద్ర. చేపలు కోసేటప్పుడు కత్తిపీట చుట్టూ తిరుగుతూ రాసుకుంటే అందులో ముక్క మీద ఆశా ఉంటుంది, అక్కడ మీ అత్తగారి మాట కాదనను. కానీ గిన్నె ఖాళీగా లేనప్పుడు కూడా, మీరు బయటినుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే తోక నిటారుగా ఎత్తి, కొస కొద్దిగా వంచి ఎదురొచ్చి రాసుకుంటే అది అచ్చంగా పలకరింపే. కూన తల్లికి ఎదురెళ్లేదీ అలాగే.

పిండి పిసికినట్టు తొక్కడం పాలు తాగే నాటి అలవాటు. కూనలు తల్లి పొట్టను పాదాలతో ఒత్తితే పాలు దిగుతాయి. పెద్దయ్యాక కూడా ఒళ్లో అలా చేస్తోందంటే అది కూననాటి నిశ్చింతలోకి వెళ్లిందన్నమాట. గోళ్లు గుచ్చుకుంటే కసరకండి, మడతపెట్టిన తువ్వాలు ఒళ్లో వేసుకోండి. గోటి లోపల గులాబీ రంగు భాగం వెలుతురులో కనబడుతుంది. దానికి కాస్త ముందే, ఒకటి రెండు మిల్లీమీటర్ల కొస మాత్రం కత్తిరించండి.

కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి గురించి సామెత చెప్పుకుంటాం గదా, నిజానికి మీ ఎదుట కళ్లు అరమోడ్చే పిల్లి మిమ్మల్ని నమ్మినట్టు. పిల్లుల లోకంలో రెప్ప వేయకుండా చూడటం బెదిరింపు. 2020లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, మనుషులు నెమ్మదిగా రెప్పలు వాల్చి చూపిస్తే పిల్లులు తిరిగి అలాగే వాల్చడం, కొత్త మనిషి దగ్గరికి కూడా వెళ్లడం గమనించారు. పాపకు ఇది నేర్పండి. నాలుగడుగుల దూరంలో పక్కకు తిరిగి కూర్చుని, కళ్లు సగం మూసి, రెండు మూడు సెకన్లు పూర్తిగా మూసి, మెల్లగా తెరిచి, ముఖం కాస్త పక్కకు తిప్పాలి. ముట్టుకోకుండా ముద్దు చేసే పద్ధతి ఇది. కొన్నాళ్లకు పిల్లి నుంచి జవాబు వస్తుంది.

ఎండాకాలంలో దగ్గరికి రాకపోవడం అలక కాదు. పిల్లి ఒంటి వేడి మామూలుగానే 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. రోహిణి కార్తె ఉక్కలో మన ఒడి దానికి కుంపటి. చల్లటి గచ్చు వెతుక్కుంటుంది. వాన చల్లదనానికి మళ్లీ మీ వెచ్చదనం కావలసి వచ్చింది.

అంత నమ్మకమున్నది ఎందుకు కొరుకుతోంది? మీ ఉత్తరంలోనే కారణం ఉంది. కూనలు రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనుషులకు అలవాటు పడతాయి. ఆ వారాలు మీ చేతుల్లో గడిచాయి కాబట్టే అది మిమ్మల్ని ఇంతగా అంటిపెట్టుకుంది. కానీ తోబుట్టువులు లేవు. నాలుగు కూనలు దొర్లి ఆడుకుంటూ ఒకటి గట్టిగా కొరికితే రెండోది కీచుమని ఆట మానేస్తుంది. పంటి బలం ఎంతవరకు వాడాలో పిల్లి అలా నేర్చుకుంటుంది. మీ పిల్లికి నేర్పేవాళ్లు లేకపోయారు. చిన్నప్పుడు వేళ్లు ఆడించి దాన్ని ఎగదోసి ఆడించి ఉంటే, చెయ్యే ఆటవస్తువని అది అనుకుని ఉంటుంది.

రెండో సంగతి, నిమరడానికి ప్రతి పిల్లికీ ఒక హద్దు ఉంటుంది. పిల్లులు ఒకదాన్నొకటి నాకేది ఎక్కువగా తల, మెడ దగ్గరే, అదీ కొంతసేపే. మనం తల నుంచి తోక దాకా పది నిమిషాలు ఆపకుండా రాస్తాం. ఇంపుగా మొదలైంది కాసేపటికి చికాకు అవుతుంది. గురగుర వినిపిస్తోందని నిమురుతూ పోకండి, భయంలోనూ నొప్పిలోనూ కూడా పిల్లి గురగురలాడుతుంది. తోక కొసను చూడండి. ఒళ్లంతా నిశ్చలంగా ఉండి ఆ కొస ఒక్కటే చిటుకు చిటుకుమని కదలడం మొదలవుతుంది. తర్వాత వీపు మీద చర్మం, చెరువు నీళ్ల మీద గాలి తగిలినట్టు, ఒక్కసారి అలలా వణుకుతుంది. చెవులు పక్కలకు తిరుగుతాయి, కంటిపాప నల్లగా విప్పారుతుంది, తల మీ చేతివైపు తిరుగుతుంది. అప్పుడు గానీ కాటు పడదు. ఇదంతా రెండు మూడు సెకన్లలో జరిగిపోవచ్చు కాబట్టి ఉన్నట్టుండి కొరికిందనిపిస్తుంది.

పాపకు చెప్పాల్సిన పద్ధతి ఇది. పిల్లి దగ్గరికి తను వెళ్లకూడదు, అదే రావాలి. వచ్చాక దాని ముక్కు ఎత్తులో ఒక వేలు చాచి ఆగాలి. బుగ్గ ఆనిస్తే సరేనన్నట్టు, మొహం తిప్పుకుంటే వద్దన్నట్టు. బుగ్గలు, గడ్డం కింద, చెవుల మధ్య మాత్రమే మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసేయాలి. మళ్లీ తల తోసుకొస్తే మరో మూడు సెకన్లు. పొట్ట, పాదాలు, తోక ముట్టుకోవద్దు. వెల్లకిలా పడుకుని పొట్ట చూపించడం నమ్మకానికి గుర్తే, రాయమని పిలుపు కాదు. ఎత్తుకుని గట్టిగా హత్తుకోవడం చాలా పిల్లులకు పడదు.

ఒకవేళ పట్టుకుంటే చెయ్యి లాగొద్దు. లాగితే ఎలుక పారిపోతున్నట్టు అనిపించి పట్టు బిగిస్తుంది, చర్మం చీరుకుపోయేది అప్పుడే. కదలకుండా ఉంటే వదిలేస్తుంది. వదిలాక మెల్లగా లేచి నిలబడితే ఒళ్లోంచి అదే దిగిపోతుంది. తర్వాత ఐదు నిమిషాలు దానివైపు చూడొద్దు. కొట్టొద్దు, అరవొద్దు. గదిలో పెట్టి కొడితే పిల్లైనా తిరగబడుతుందని మనవాళ్లు ఊరికే అనలేదు. కొట్టిన పిల్లి హెచ్చరికలు మానేసి నేరుగా కొరకడం నేర్చుకుంటుంది.

వేటాడే ఉబలాటం తీరడానికి పొడవాటి కొబ్బరి ఈనెకు గుడ్డపేలిక గట్టిగా కట్టి, పొద్దున పది నిమిషాలు, దీపాలు పెట్టే వేళకు పది నిమిషాలు ఆడించండి. పేలికను దాని మొహం మీదికి ఆడించకండి, నేలమీద దానికి దూరంగా పాకించండి. మధ్యమధ్య పట్టుకోనివ్వండి, చివర్లో అన్నం పెట్టండి. ఆట అయ్యాక ఆ ఈనె దాచేయండి, పేలిక, దారం మింగితే పేగులకు చుట్టుకుంటాయి. ఆరు వారాలు ఇంట్లో అందరూ ఒకే తీరున పాటిస్తే చాలావరకు మార్పు కనిపిస్తుంది. ఒక్కరు చేతులతో ఆడించినా మళ్లీ మొదటికొస్తుంది.

గుమ్మంలో ఎలుక గురించి. తల్లిపిల్లి కూనలకు వేట తెచ్చి పెడుతుంది, ఏ పిల్లైనా తనకు క్షేమమనిపించిన చోటికే దొరికింది తెచ్చుకుంటుంది. ఆ చోటు మీ గుమ్మమైంది. కానీ డెల్టాలో ఇది ప్రమాదం కూడా. సార్వా, దాళ్వా పొలాల్లో, కొబ్బరితోటల్లో ఎలుకలకు జింక్ ఫాస్ఫైడ్, బ్రోమాడయోలోన్ ఎరలు పెడతారు. మందు తిన్న ఎలుక తూలుతూ తేలిగ్గా దొరుకుతుంది. జింక్ ఫాస్ఫైడ్ అయితే కొన్ని గంటల్లోనే వాంతులు, ఆయాసం. బ్రోమాడయోలోన్ అయితే రెండు మూడు రోజులు మామూలుగానే ఉండి తర్వాత చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి గానీ మలంలో గానీ రక్తం. దీనికి విటమిన్ కె ఉంది, త్వరగా తెస్తే బతుకుతుంది. ఊళ్లో మందు పెట్టే రోజుల్లో పిల్లిని ఇంట్లోనే ఉంచండి. చచ్చిన ఎలుకను ఉత్త చేత్తో తీయకండి, ఎలుక జ్వరం మనుషులకు వాటి మూత్రం నుంచే వస్తుంది.

కొరకడం ఈమధ్యే మొదలైందా, తోక మొదట్లో గానీ ఏదో ఒకేచోట గానీ తాకితేనే కొరుకుతోందా గమనించండి. అలాగైతే నొప్పి ఉండొచ్చు. గండుపిల్లుల కొట్లాటలో పడిన పంటిగాటు లోపల చీముగడ్డ కడుతుంది, పైకి బొచ్చు కప్పేస్తుంది. బొచ్చులో గెంతే చిన్న నల్ల పురుగులున్నాయేమో తెలుసుకోవడానికి తెల్ల గుడ్డ తడిపి, నడుం మీద సన్న దువ్వెనతో దువ్వి, రాలిన నల్ల నలుసులు దాని మీద వేయండి. చుట్టూ ఎర్రగా కరిగితే అది ఆ పురుగుల మలం, దానిలోని రక్తం. ఆ పురుగులు పోవడానికి కుక్కలకు పోసే పర్మెత్రిన్ మందు పిల్లికి వాడితే ప్రాణం పోతుంది. పారాసెటమాల్ ముక్క కూడా అంతే. మగపిల్లి ఉన్నట్టుండి మిమ్మల్ని వదలకుండా తిరుగుతూ, అరుస్తూ, మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే అది ముద్దు కాదు. మూత్రనాళం మూసుకుపోయింది. తెల్లారేదాకా ఆగకండి.

పదో రోజు దాటి పిల్లి కులాసాగా ఉంటే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి రేబిస్ టీకా వేయించండి, తర్వాత ఏటా ఒకటి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా చేయించండి. దానివల్ల బయట తిరగడం, కొట్లాటలు, గోడల మీద మూత్రం చిమ్మడం తగ్గుతాయి. నిమిరితే కొరికే అలవాటు మాత్రం దానంతటదే పోదు, పైన చెప్పింది చేయాల్సిందే. పిల్లులకు ఆపరేషన్ అన్నిచోట్లా చేయరు కాబట్టి ముందే అడిగి వెళ్లండి. గోనెసంచిలో కట్టి తీసుకెళ్లకండి. మూత ఉన్న ప్లాస్టిక్ బుట్ట రెండు రోజుల ముందే ఇంట్లో తెరిచి ఉంచి, అది రోజూ పడుకునే పాత తువ్వాలు అందులో వేయండి. రెండో రోజుకు చాలా పిల్లులు తమంతట తామే అందులో దూరి పడుకుంటాయి.